బ్రేకులు చూపించావా?

"బ్రేకులు చూపించావా తల్లీ?"

డిక్కీలోకి తల దూర్చి స్టెప్నీ టైరు పీకుతున్న ఆమె ఉలిక్కిపడి లేచింది. డిక్కీ తలుపు ఠంగుమని నెత్తికి తగిలింది.

గేటు దగ్గర ఎవరో పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డ సంచి.

"ఎవరండీ మీరు?"

"ఇటు పోతూ కారు చూసి ఆగానమ్మా. బ్రేకులు చూపించావా అని."

"బానే ఉన్నాయి" అంది తల రుద్దుకుంటూ. ఆయన కాసేపు కారు వంకే చూసి వెళ్ళిపోయాడు.

ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పన్నెండేళ్ళుగా ఊరందరి ఎముకలూ చూసింది గానీ తన మనసులో ఉన్నది ఎవరికీ చూపించలేదు. ఉన్నదల్లా ఒక్కటే కోరిక. చచ్చేలోగా ఒక్కసారి రేసు ట్రాకు మీద సొంత కారు తోలాలి. రెండు నెలల క్రితం సెకండ్‌హ్యాండ్‌లో ఈ ఎర్ర కారు కొంది. ఈ ఆదివారం ట్రాకు వాళ్ళు మామూలు జనానికి గేట్లు తెరుస్తున్నారు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని తోలుకోవచ్చు.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది నీ వ్యవహారం" అన్నాడు మొగుడు. అంటూనే హెల్మెట్ కొనిచ్చాడు. మంచివాడే.

ట్రాకు వాళ్ళు ఓ కాగితం పంపారు. కారులో దొర్లే వస్తువు ఒక్కటీ ఉండకూడదు. టైర్లలో గాలి ఇంతే ఉండాలి. చివర బ్రేకుల గురించి రెండు లైన్లు ఉన్నాయి. "కొత్త బ్రేకులమ్మా, నాదీ పూచీ" అని కారు అమ్మిన బ్రోకరు చెప్పాడు కాబట్టి ఆమె ఆ రెండు లైన్లూ దాటేసింది.

మర్నాడు పెద్దాయన మళ్ళీ వచ్చాడు.

"చూపించావా తల్లీ?"

"మీరు మెకానిక్కా?"

"కాదమ్మా. నాకు తోలడం కూడా రాదు."

"ఈ కారు ఇదివరకు మీదా?"

"కాదు."

"మరి మీకెందుకండీ ఈ గొడవ?"

ఆయన సంచి గేటుకి తగిలించి కారు వెనక్కి నడిచాడు. "ఒక్కసారి తొక్కు తల్లీ, చూస్తాను" అన్నాడు.

విసుక్కుంటూనే ఎక్కి తొక్కింది. వెనక ఎర్ర లైట్లు వెలిగాయి.

"వెలిగాయిగా? ఇక సరేనా?"

"లైట్లు ఎప్పుడూ వెలుగుతాయమ్మా" అన్నాడాయన మెల్లగా.

సాయంత్రం సంగతి విని మొగుడు నవ్వాడు. "ఏదో గ్యారేజీ వాళ్ళు పంపిన మనిషి. రేపు కార్డు చేతిలో పెడతాడు చూడు."

మూడో రోజు శుక్రవారం. ట్రాకు మీద పగిలినా ముక్కలు రాలకుండా ఆమె ముందు లైట్లకి టేపు అంటిస్తోంది. చెవిలో జోరీగలా అదే గొంతు.

"బ్రేకులు..."

ఆమెకి ఒళ్ళు మండింది.

"మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా? వెళ్ళి వాళ్ళకి చెప్పుకోండి!"

పెద్దాయన మొహం తెల్లబోయింది. తెరిచి ఉన్న గేటు తనే దగ్గరికి వేసి, "జాగ్రత్త తల్లీ" అని తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆమెకి అన్నం సహించలేదు. అనకూడని మాట అన్నానని తెలుస్తూనే ఉంది. ఆయనకి ఎందుకు అంత గుచ్చుకుందో మాత్రం తెలియలేదు.

శనివారం టైర్లలో గాలి కోసం మెకానిక్ దగ్గరికి వెళ్ళింది.

"ఇంకేమైనా చూడాలా అక్కా?"

"బ్రేకులు చూడు. ఒకాయన పోరు పడలేకపోతున్నాను."

మెకానిక్ కారు కింద దూరాడు. చాలాసేపటికి బయటికి వచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"బ్రేకు ఆయిల్ గొట్టం పగిలిపోయి ఉందక్కా. పైన ఏదో అతికించి వదిలేశారు. ఆయిల్ నల్లగా మురిగిపోయింది. ట్రాకు మీద నాలుగుసార్లు గట్టిగా తొక్కితే చాలు, పెడలు నేలకి దిగిపోయేది. ఎవరో గానీ నీ ప్రాణం కాపాడారు."

ఆమె అక్కడే స్టూలు మీద కూలబడింది. సాయంత్రానికి మెకానిక్ అన్నీ కొత్తవి వేశాడు.

ఆదివారం ట్రాకు మీద నూట ముప్ఫైలో పోతుంటే మొదటి మలుపు మీదికి వచ్చేసింది. తొక్కింది. కారు చెప్పిన మాట విన్నట్టు తగ్గింది. హెల్మెట్ లోపల ఆమె నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు.

దిగగానే మొగుడితో అంది: "ఆయన్ని వెతకాలి. కాళ్ళ మీద పడాలి. పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఒక్క చుట్టు తిప్పాలి."

"పేరూ ఊరూ తెలియకుండా ఎక్కడని వెతుకుతాం? ఆ బ్రోకర్ని అడుగు. ఈ కారు పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాడు వాడొక్కడే."

ఫోన్ చేసింది.

"కొత్త బ్రేకులన్నావు కదయ్యా!"

"అదీ... అమ్మా..." అని నసిగాడు బ్రోకరు.

"సరే, నీ సంగతి తర్వాత. ఓ పెద్దాయన మూడు రోజులు మా గేటు దగ్గరికి వచ్చాడు. నీకేమైనా తెలుసా?"

"మీ అడ్రసిచ్చింది నేనేనమ్మా. ఆయన అడిగితే కాదనలేకపోయాను."

"ఎక్కడుంటారు? ఇప్పుడే వెళ్తాను."

"నిన్న పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఈ ఊళ్ళో ఇక ఉండలేనన్నాడు. ఎక్కడికని అడిగినా చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, ఆ అమ్మాయి నా మాట వినలేదయ్యా, నువ్వైనా చెప్పు అన్నాడు."

"మరి చెప్పలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా? బ్రేకులు బాగుచేయించకుండా ఈ కారు ఎవరికీ అమ్మనని అప్పట్లో ఆయన చేతిలో చెయ్యేసి మాటిచ్చింది నేనే."

"అసలెవరాయన? ఈ కారుతో ఆయనకేం పని?"



"పోయినేడు బ్రేకు పడక ఈ కారు బస్టాపులోకి దూసుకుపోయినప్పుడు, అక్కడ నిలబడి ఉన్నది ఆయన ఒక్కగానొక్క కూతురమ్మా."