ముందుజాగ్రత్త

"ఏ మందుకూ లొంగడం లేదు," అన్నాడు జంతువుల డాక్టరు, ల్యాబ్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంటూ.

జూలో ఆ ఆడ ఎలుగుబంటిని పద్నాలుగేళ్లుగా సాకుతున్న ముసలాయన కడ్డీల ముందు గొంతుక్కూర్చున్నాడు. నాలుగు రోజులుగా దానికి నెత్తురు విరేచనాలు.

"ఇంకాస్త ఘాటైనది రాయండి సార్. బతిమాలో బామాలో మింగిస్తా."

"ఘాటైనవన్నీ అయిపోయాయి. పేగుల్లో క్రిములు మందులకు రాటుదేలిపోయాయి."

"పుట్టి బుద్ధెరిగాక ఈ తల్లి గడప దాటింది లేదు. ఆ మాయదారి క్రిములు ఎక్కణ్ణుంచి వచ్చాయి సార్?"

డాక్టరు మందుల సంచీ మూశాడు.

"తుమ్మితే మందు, దగ్గితే మందు. ఏమీ లేకపోయినా ముందుజాగ్రత్తకని మందు. వాటిని అంత మొండిగా తయారుచేసింది మనమే. రాసింది నేనే."

"పెట్టింది నేను," అన్నాడు ముసలాయన. ఇన్నేళ్లలో ఒక్క పూట కూడా మందు తప్పనివ్వలేదని ఊరంతా గొప్పగా చెప్పుకున్నవాడు.

ఆ గొంతు వినబడగానే ఎలుగుబంటి లేచింది. తూలుతూ కడ్డీల దాకా వచ్చి, రోజూ మందుకు తెరిచినట్టే నోరు తెరిచింది.

అతను ఖాళీ చేతులు రెండూ వీపు వెనక్కి దాచుకున్నాడు.