తెర తీసిన పాపం

"పాప లేచిందా అక్కా?" అంటూ ఫేబీ బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చింది. చంకలో కొడుకు.

రాగిణి గబుక్కున పాప ముఖం మీదికి దుప్పటి లాగింది.

"నిద్రపోతోంది."

దుప్పటి కింద పాప కాళ్ళాడిస్తూనే ఉంది. ఫేబీ చూసింది. తల మొత్తం పక్కకి తిప్పి, ఓరగా ఇంకోసారి చూసి దిగి వెళ్ళిపోయింది.

ఆ చూపంటేనే రాగిణికి ఒళ్ళు మంట. మనిషిని తిన్నగా చూడదు, మహారాణిలా మెడ తిప్పి చూస్తుంది. కింద అద్దెకున్న మనిషికి అంత టెక్కా?

అసలు మంట ఆ పిల్లాడి కళ్ళు. క్రిస్టో కనుపాపలు గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంటాయి. తన సాత్వికకు ఎడమ కనుపాప తాళంకప్ప కన్నంలా కిందికి సాగి ఉంటుంది.

ఇద్దరు తల్లులూ ఒకేసారి కడుపుతో ఉన్నారు. ఆ ఏప్రిల్‌లో సూర్యగ్రహణం వచ్చేసరికి ఇద్దరికీ ఐదో నెల.

అత్తగారు విశాలాక్షి విజయవాడ నుంచి ఫోన్లో చెప్పినట్టే రాగిణి తెరలన్నీ వేసుకుని, కదలకుండా పడుకుంది. కూర తరగలేదు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఫేబీ ఆవిడగారు మాత్రం వీధివాళ్ళందరితో కలిసి డ్రైవ్‌వేలో నిలబడి, అట్ట కళ్ళద్దాలు పెట్టుకుని, పట్టపగలు కెనడాలోని ఈ బ్రాంప్టన్ ఊరంతా చీకటి పడుతుంటే పకపకా నవ్వింది.

ఆ నవ్వేమిటో చూద్దామని రాగిణి తెర కాస్త తొలగించింది. రెప్పపాటు. అంతే.

బయట నిలబడ్డదాని బిడ్డ నిక్షేపంలా పుట్టాడు. తెర చాటున పడుకున్నదాని బిడ్డకి కన్ను చీలింది. ఇదెక్కడి న్యాయం? అది నవ్వకపోతే తను తెర తీసేదా?

ఈ సంగతి రాగిణి భర్త అర్జున్‌తో కూడా అనలేదు. పాపని రెండు నెలలకోసారి కంటి డాక్టరుకి చూపించమన్నారు. మొదటిసారి వెళ్ళింది, మళ్ళీ వెళ్ళలేదు. "కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశారు?" అని అడుగుతారేమోనని భయం.

క్రిస్మస్ ముందు ఫేబీ మళ్ళీ వచ్చింది. చేతిలో కజ్జికాయల డబ్బా.

"అక్కా, ఏమనుకోకు. పాపని డాక్టరుకి చూపించి చాలా రోజులైంది కదా. ఆ కంటికి లోపల రెటీనా చూపిస్తూ ఉండాలి. అపాయింట్‌మెంట్ తీసుకో, నేనూ వస్తా."

"ఎందుకూ? నా పాపని చూసి, నీ కొడుకు కళ్ళకి స్తోత్రం చెప్పుకోడానికా?"

ఫేబీ ముఖం పాలిపోయింది.

"అది కాదక్కా..."

"రోజూ వచ్చి ఓరచూపులు చూస్తావు. దానికున్న కాస్త చూపుకీ నీ దిష్టి తగలకుండా ఉంటే చాలు. వేరే ఇల్లు చూసుకోండి."

"చూసుకుంటాం అక్కా. పాపని మాత్రం తీసుకెళ్ళు. బతిమాలుకుంటున్నా."

నెల తిరక్కుండా ఫేబీవాళ్ళు మిల్టన్ అనే ఊరికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే రాగిణి పాపకి దిష్టి తీసి, ఎండుమిరపకాయలు పెనం మీద వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఇల్లంతా ఒకటే ఘాటు, స్మోక్ అలారం కూడా మోగింది.

దగ్గుతూ కిటికీలు తెరుస్తుంటే ఫేబీ బతిమాలిన మాటే చెవిలో తిరిగింది. మర్నాడు అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేసింది.

డాక్టరమ్మ పాప కన్ను చాలాసేపు చూసింది.

"రెటీనా అంచు ఊడబోతోంది. ఇప్పుడు లేజర్ చేస్తే నిలబడుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే చూపు పోయేది. సమయానికి తెచ్చారు."

రాగిణికి ఏడుపు ఆగలేదు. గ్రహణం, తెర, అన్నీ కక్కేసింది.

డాక్టరమ్మ నవ్వలేదు.

"కడుపులో కన్ను ముందు చిన్న గిన్నెలా తయారవుతుందమ్మా. ఆ గిన్నె అడుగున ఒక చీలిక ఉంటుంది. అంచులు రెండూ దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. మీ పాపకి అక్కడ కొంచెం అతుక్కోలేదు. ఆ పనంతా రెండో నెల దాటకుండానే అయిపోతుంది. మీరు తెర తీసేనాటికి అది ముగిసి ఎన్నాళ్ళో అయింది. ఇందులో మీ తప్పేమీ లేదు."

కజ్జికాయ అంచు ఒకచోట ఒత్తకుండా వదిలేసినట్టన్నమాట, అనుకుంది రాగిణి. వెంటనే ఫేబీ తెచ్చిన డబ్బా గుర్తొచ్చింది. ఆ రోజే మూత కూడా తీయకుండా చెత్తలో పడేసింది దాన్ని.

ఫేబీకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు.

శనివారం ఫేబీ భర్త డేవిడ్‌సన్ వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా మంచులోనే నిలబడ్డాడు.

"కింద బాత్రూమ్ అలమరలో చిన్న గుండ్రటి డబ్బా ఒకటి ఉండిపోయిందండీ."

రాగిణి పరుగున వెళ్ళి తెచ్చింది.

"పాప కన్ను దక్కిందని ఫేబీకి చెప్పండి. నేను... నేను మాట్లాడాలన్నానని చెప్పండి. అసలు రెటీనా సంగతి తనకెలా తెలిసింది? నర్సుగా చేసిందా?"

"నర్సేం కాదండీ."

డేవిడ్‌సన్ మూత తీసి, లోపలిది పగల్లేదు కదా అని చూసుకున్నాడు. సన్నటి ఎర్రజీరలతో సహా, దూదిలో ఒక కన్ను ఉంది.

"ఇది తన పాత పెట్టుడు కన్ను, స్పేర్‌గా ఉంచుకుంటుంది" అన్నాడు మూత పెడుతూ. "పుట్టినప్పుడు తన కుడి కన్నూ అచ్చం మీ పాప కన్నులాగే ఉండేదటండీ, నలుగురి దిష్టీ తగులుతుందని వాళ్ళమ్మ ముఖం మీద దుప్పటి కప్పి దాచుకుంది గానీ, డాక్టరుకి మాత్రం చూపించలేదట."