ఒక్క కారు కోసం

"గుంతలో పడి నీ కారు పాడైతే మేము దుడ్లియ్యల్లా? ఎవురు చెప్పినారప్పా నీకు?"

గుమాస్తా జీవన్ కుమార్ అర్జీని బల్ల మీద పడేసి నవ్వాడు. పక్క సీట్లవాళ్ళూ నవ్వారు.

సుందరం నవ్వలేదు. జమ్మలమడుగులో ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ప్రొద్దుటూరులోని ఆ రోడ్ల ఆఫీసుకు రావడం అది మూడోసారి.

అర్జీలో ఆయన రాసింది కొద్దిగానే. పెద్దముడియం నుంచి జమ్మలమడుగు వచ్చే దారిలో, కల్వర్టు దాటగానే, రోడ్డు మధ్యలో మోకాలి లోతు గుంత. ఆగస్టు పన్నెండున పొద్దున ఎనిమిదింటికి తన కారు ముందు చక్రం అందులో పడింది. యాక్సిల్ విరిగి, కారు అదుపు తప్పి పక్కనున్న చెట్టుకు కొట్టుకుంది. నష్టపరిహారం ఇప్పించగలరు.

"తోలింది నువ్వేనా?"

"కాదు సార్. డ్రైవర్. షహబాజని, వేంపల్లె మనిషి."

"అయితే ఆయప్పనే అడుగు. ముందూ ఎనకా సూసి తోలల్ల గదా?"

"సూసే తోలినాడు. నేను పక్కన్నే కూచోనుండా. రాత్రంతా వాన. గుంత నిండా నీళ్ళు. యాడ రోడ్డో, యాడ గుంతో ఎవురికి తెలుస్తాది?"

"దెబ్బలేమన్నా తగిలినాయా?"

సుందరం బల్ల మీది అర్జీని వేలితో చూపించాడు.

"నేను కారు గురించే అడుగుతాండా సార్."

"సరే, గుంత ఫొటో ఉందా?"

"తీయలేదు. ఆ పొద్దు తీరిక లేకపాయ."

"ఫొటో లేదు. ఇప్పుడు పోయి సూస్తే ఆడ గుంతా లేదు. మా రికార్డులోనూ లేదు. ఇంగ నిన్నెట్ల నమ్మల్ల?"

పది రోజులకు అదే మాట పోస్టులో వచ్చింది. సదరు స్థలంలో ఎటువంటి గుంతా లేదు.

సుందరం కడప వెళ్ళాడు. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీల వరుసలో నిలబడి మళ్ళీ అర్జీ ఇచ్చాడు. నష్టమెంతో మెకానిక్ చేత రాయించుకు రమ్మన్నారు అక్కడ.

కారు మెకానిక్ జిలానీ షెడ్డులో, వెనకాల గోడవారగా టార్పాలిన్ కింద ఉంది. సుందరం అటు వెళ్ళలేదు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

"దీన్ని బాగు చేపిచ్చి ఏం చేసుకుంటావు సార్?" అన్నాడు జిలానీ మెల్లగా. "తుక్కుకు పోనీ."

"బాగు చేయొద్దు జిలానీ. ఎంత నష్టమో కాయితం మీద రాసియ్యి, సాలు."

జిలానీ రాసిచ్చాడు. ఎంతివ్వాలని అడిగితే తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఆ కాగితం రత్నమ్మ కంట పడింది.

"మళ్ళా ఆ కారేనా?" అంది భార్య. "ఆ ఇనపముక్కకు ఖరీదు కడ్తాండావా నువ్వు? చర్చిలో అందరూ ఏమనుకుంటాండారో తెలుసునా? ఈయప్పకు దుడ్ల పిచ్చి పట్టిందంటాండారు."

"అనుకోనీలే."

"ఆ కారు పేరు ఇంకోసారి ఈ ఇంట్లో ఎత్తొద్దు."

ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు.

తిరిగి తిరిగి ఫిబ్రవరి వచ్చింది. కలెక్టరాఫీసు నుంచి ఒత్తిడి రావడంతో ఈసారి ఇంజనీరే స్వయంగా పిలిపించాడు. కుర్రవాడు. పులివెందుల నుంచి బదిలీ మీద వచ్చి నెలే అయింది.

"ఏంది పెద్దాయనా, ఒక్క కారు కోసం మా పానం తీస్తాండావు? కాళ్ళూ చేతులూ ఇరగ్గొట్టుకున్నోళ్ళే నోరు మూసుకోని పోతాండారు."

సుందరం తల వంచుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు.

"ఆడ గుంత లేదని రాసినారు సార్. లేకుంటే, మరుసటి పొద్దే మీవాళ్ళు కంకర పోసి పూడ్చింది దేన్ని?"

ఇంజనీరు జీవన్ కుమార్ వైపు చూశాడు. జీవన్ కుమార్ గోడ వైపు చూశాడు.

ఫైలు వెతికి తేవడానికి అరగంట పట్టింది. అందులో గుంత గురించి ఏప్రిల్‌లో ఊరివాళ్ళిచ్చిన ఫిర్యాదు, దాని కింద కాంట్రాక్టర్ బిల్లు ఉన్నాయి. కల్వర్టు పక్కన గుంత పూడ్చినందుకు. తేదీ ఆగస్టు పదమూడు.

ఇంజనీరు బిల్లు చదివాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ బిల్లు మీద సంతకం తనకు ముందు పనిచేసినవాడిది.

"అప్పుడు నేను ఈడ లేను. ఉన్నదున్నట్టు రాసిస్తా. కానీ నీకు మాత్రం పైసా రాదు. మళ్ళా నా మీద పడొద్దు."

"ఉన్నదున్నట్టు రాసి, సంతకం పెట్టి సీలు ఏసీండి సార్."

జీవన్ కుమార్ టైపు చేసి తెచ్చాడు. సదరు స్థలంలో ఏప్రిల్ నెల నుంచి గుంత ఉన్న మాట వాస్తవం. నిధులు లేనందున ఆగస్టు పదమూడు వరకు పూడ్చలేదు. అయినను, వాహన నష్టమునకు పరిహారం ఇచ్చు నిబంధన లేదు. కావున అర్జీ తిరస్కరించడమైనది.

సుందరం రెండుసార్లు చదివాడు. సీలు సరిగ్గా పడిందో లేదో వెలుతురుకు పట్టి చూశాడు.

"ఆర్నెల్లు తిరిగినావు. ఏమొచ్చింది?" అన్నాడు జీవన్ కుమార్.

"ఇంతే సాలు సార్," అని సుందరం బస్టాండు వైపు నడిచాడు.

ఆ మరుసటి సోమవారం జమ్మలమడుగు కోర్టులో, నిర్లక్ష్యంగా కారు తోలి వెనక సీట్లోని నర్సు కెరోలిన్ చావుకు కారణమయ్యాడన్న కేసులో, డ్రైవర్ షహబాజ్ తరపు సాక్షిగా బోనెక్కి జడ్జికి ఆ కాగితం అందించాడు, కెరోలిన్ తండ్రి సుందరం.