దవడ బొమ్మ

పట్టీ బిగిస్తుండగానే దవడ టప్పున విరిగింది.

శ్రీవాసవి చేతిలోని పట్టకారును బల్ల మీదికి విసిరింది.

"మళ్ళా ఇరిగెనా పాపా?" తలుపు పక్క స్టూలు మీద కూర్చున్న ఒకామె అడిగింది.

శ్రీవాసవి పళ్లు బిగించి, విరిగిన ముక్కలు ఏరి పక్కన పెట్టింది.

అది నిజం దవడ కాదు. రోగికి తీసిన స్కానింగును బట్టి, బెంగళూరులో ఒక మిషను పొర మీద పొర పోసి అచ్చు తీసిన బొమ్మ. గడ్డ ఎక్కడుందో, ఎముక ఎక్కడ పలచబడిందో అంతా ఉన్నదున్నట్టే కనిపిస్తుంది. అది 2008 ఎండాకాలం. కడపలోని వాళ్ల ఆసుపత్రికి ఇలాంటివి కొత్త.

పెద్ద డాక్టరు ప్రకాశం ఒకే దవడకు బొమ్మలు కొన్ని తెప్పించి, జూనియర్ సర్జన్ శ్రీవాసవికి అప్పగించాడు. గడ్డ ఉన్న ముక్కను కోసి తీసెయ్యాలి. ఆ ఖాళీకి అడ్డంగా లోహపు పట్టీని దవడ వంపుకు తగ్గట్టు వంచి బిగించాలి. బొమ్మ మీద చెయ్యి కుదిరాకే మనిషి మీద రంపం పట్టనిస్తానన్నాడు.

చెయ్యి కుదరడం లేదు.

పట్టీ ఒక వైపు కూర్చుంటే రెండో వైపు లేచేది. గట్టిగా బిగిస్తే బొమ్మ విరిగేది. సరిగ్గా కుదిరేలా ఉందనుకుంటే కరెంటు పోయేది.

అది చాలదన్నట్టు ఈమె.

సోమవారం వస్తే చాలు, దిగబడేది. కొంగు తల మీదుగా చెంపల దాకా లాక్కుని కూర్చునేది. పేరేమిటో శ్రీవాసవి అడగలేదు. వార్డులో ఎవరికో తోడొచ్చి, పొద్దుపోక ఇక్కడ చేరిందనుకుంది.

పంపించెయ్యమని అటెండరు బొజ్జన్నతో చెబితే, పెద్దసారే కూర్చోమన్నాడని తప్పుకున్నాడు. ప్రకాశాన్నే అడిగితే, కూర్చోనీమ్మా, నీకేమి అడ్డం అన్నాడు.

అడ్డమే. చెమట కళ్లలోకి కారుతుండగా రంపం పట్టుకుంటే, వెనకనుంచి ఏదో ఒక ప్రశ్న వచ్చేది. ఆ పట్టీ తుప్పు పడుతుందా అని. పళ్లు మళ్లీ పెట్టొచ్చా అని.

"ఇట్ల కోసినంక మనిషి అన్నం తింటాడా పాపా?"

"ఇది బొమ్మ. అన్నం తినదు."

"బొమ్మేలే" అని ఊరుకునేది. కాసేపటికి మళ్లీ మొదలు.

ఆ సోమవారం పొద్దున్నుంచీ కష్టపడి వంచిన పట్టీ, ఆఖరి మర దగ్గర పక్కకు జరిగింది. శ్రీవాసవికి ఏడుపొచ్చినంత పనయింది. కళ్లు తుడుచుకుని, మరలన్నీ విప్పి, ఇంకో బొమ్మ తీసుకుంది.

"రోంత నీళ్లు తాగు పాపా. శానా సేపట్నుంచి చేస్తాండావు."

అంతే, శ్రీవాసవికి తిక్కరేగింది. పనీపాటా లేదా, ఇదేమన్నా సినిమా హాలా అని అరిచింది. ఇంకోసారి ఈ గడపలో కనిపించొద్దంది.

ఆమె స్టూలు గోడకు జరిపి, వెళ్లిపోయింది.

మరుసటి సోమవారం రాలేదు. గది ప్రశాంతంగా ఉంది. ఆ రోజే పట్టీ కుదిరింది. ప్రకాశం వేలితో అటూ ఇటూ నొక్కి చూశాడు, కదల్లేదు. గురువారం రంపం నువ్వే పట్టు, నేను పక్కనుంటా అన్నాడు.

పీడ విరగడయ్యాకే పని జరిగిందని శ్రీవాసవి లోలోపల అనుకుంది.

ఆ మధ్యలో అన్న నిశ్చితార్థానికి రాజంపేట పోయింది. గురువారం పొద్దున బస్సు దిగి నేరుగా థియేటర్‌కే వచ్చింది. అప్పటికే పేషెంటుకు మత్తిచ్చి, దవడ మాత్రం కనబడేలా ముఖమంతా ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంచారు.

ఎముక బొమ్మలాగే ఉంది. ఎక్కడ పలచగా ఉందో వేళ్లకు ముందే తెలుసు. రంపం తడబడలేదు. పట్టీ మొదటిసారికే కూర్చుంది.

చివరి కుట్టు అయ్యాక నర్సు కృష్ణవేణమ్మ గుడ్డ తీసి, కాసేపాగి పేషెంటు భుజం తట్టింది.

"భీమమ్మా, అయిపోయింది. కండ్లు తెరువు."

ఆ కళ్లు సగం తెరుచుకున్నాయి. శ్రీవాసవి గుర్తుపట్టింది, స్టూలు మీద కూర్చునే ఆమే.

దగ్గరికెళ్లి ఏదో చెప్పబోయింది. అప్పటికే ఆమె మళ్లీ మత్తులోకి జారిపోయింది. లేచినా, ఆ నోరు మాట్లాడడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది.

ముందే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా సార్ అంది ప్రకాశంతో.

"తనే వద్దనింది. తెలిస్తే పాప చెయ్యి వణుకుతాదంట."

ఆయన గ్లవ్స్ తీసి, కుళాయి వైపు తిరిగాడు.

"బెంగళూరుకు పొమ్మంటే పోకుండా, కోసే చెయ్యి ఎట్లాంటిదో చూసుకుంటానని వారం వారం వచ్చి కూర్చునింది, నువ్వు గడప దాటించిన రోజు నేరుగా నా దగ్గరికొచ్చి, ఎన్నిసార్లు ఇరిగినా మళ్ళా మొదట్నుంచి చేస్తాండాది సార్, నా దవడ ఆ పాపనే కోయనీ అని చెప్పిపోయింది."