చొప్ప మిషన్

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతెత్తి చెప్పే సంగతి కాదిది.

కర్నూలు నుంచి కోడుమూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది దీవెన. ఐదో నెల కడుపు. ఒళ్ళో స్కానింగ్ కవరు. పది రోజుల్లో ఇది మూడో స్కానింగ్. కాళ్ళు లాగేస్తున్నాయి, రెప్పలు వాలిపోతున్నాయి. నిద్ర మాత్రం రావడం లేదు.

పక్క సీట్లో అత్త విశ్వాసమ్మ బొరుగుల పొట్లం తీసింది. ఆమె ఎడమ చేతికి ఉన్నది బొటనవేలు ఒక్కటే. ఆ వేలికీ అరచేతికీ మధ్య పొట్లాన్ని నొక్కిపట్టి, కుడిచేత్తో దారం ఊడదీసింది.

"నాలుగు బొరుగులన్నా తిను పాపా. పొద్దున్నించి ఏమీ తినకపోతివి."

"వద్దత్తా."

డాక్టరమ్మ మాటలే దీవెన చెవుల్లో తిరుగుతున్నాయి. బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచి లోపలి పొర చీలిందట. ఆ పీలిక దారంలా బిడ్డ కుడిచేతికి చుట్టుకుందట. మూడు వేళ్ళు లేవు. గుండె, వెన్ను, తల అన్నీ బాగున్నాయి.

"ఇది నువ్వు తిన్నదాని వల్లా కాదు, చేసినదాని వల్లా కాదు, వంశంలో వచ్చేదీ కాదు. ఉంచుకుంటావో తీయించుకుంటావో సోమవారానికి చెప్పమ్మా. నిర్ణయం నీదే," అంది డాక్టరమ్మ.

ఆ గదిలో విశ్వాసమ్మ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"బొటనవేలు ఉండాదా డాక్టరమ్మా?"

"ఉంది."

"అయితే సరే," అని చెంగు సర్దుకుని లేచింది.

ఇంటికి చేరేసరికి పక్కింటి మహాదేవమ్మ వాకిట్లోనే కాచుకుని ఉంది. మొదటి స్కానింగ్ నాడే బిడ్డ చేతి సంగతి వీధంతా పాకిపోయింది.

"గ్రహణం నాడు కత్తిపీట ముట్టినావేమో మే?"

"మేం గ్రహణాలు పట్టించుకోం గదక్కా. చర్చికి పోయేవాళ్ళం," అంది దీవెన.

"అదే నేను చెప్తాండేది!" అంది మహాదేవమ్మ.

బేతంచెర్లలో బండల పాలిష్ పనిలో ఉన్న మొగుడు యేసుప్రసాద్ ఫోన్ చేశాడు. "నువ్వెట్లంటే అట్ల దీవెనా," అన్నాడు. ఆ తర్వాత దీవెన తల్లి చేసింది. "తీపిచ్చెయ్ మే. రేపు పదిమంది అడిగితే ఏం చెప్తావు?"

ఆ పదిమందే దీవెన గుండెల మీద కూర్చున్నారు.

విశ్వాసమ్మ యేసుప్రసాద్‌ను కనలేదు, పెంచింది. భార్య పోయి, ఏడాది పిల్లాడితో మిగిలిన దాసన్నకు ఎక్కడో బద్వేలు అవతలి పల్లె నుంచి ఇచ్చారామెను. చేయి అట్లుంది కాబట్టి రెండో పెళ్ళివాడే దొరికాడు. పసితనంలో చొప్ప కోసే మిషన్‌లో చేయి పెట్టిందని ఆమె తల్లి పెళ్ళిచూపుల్లోనే చెప్పేసింది. దాసన్న పోయి ఆరేళ్ళయింది. ఆ కథ మాత్రం ఊళ్ళో ఇంకా నడుస్తూనే ఉంది. పిల్లలు అడగడమే ఆలస్యం, విశ్వాసమ్మ మొదలుపెడుతుంది. ఒకసారి చెప్పినప్పుడు తెగిన వేళ్ళను కుక్క ఎత్తుకుపోతుంది. ఇంకోసారి చెప్పినప్పుడు వాళ్ళ నాయన చర్చి వెనక పాతిపెడతాడు. పిల్లలు భయపడతారు, నవ్వుతారు, మళ్ళీ అడుగుతారు. ఆమెను చూసి అయ్యో అనని మనిషి లేడు. వేలెత్తి చూపినవాడూ లేడు.

పొద్దు వాలుతుండగా విశ్వాసమ్మ పెరట్లో ఎనుముకు చొప్ప కోస్తోంది. ఆమెకు ఆ మిషన్ అంటే పగా లేదు, బెదురూ లేదు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఆ మొండి చేత్తోనే జొన్న చొప్పను లోపలికి తోస్తుంది. చూసేవాళ్ళకే ఒళ్ళు జలదరిస్తుంది.

దీవెన వచ్చి గోడకానుకుని కూలబడింది.

"అత్తా, సోమవారం తీపిచ్చుకుంటానని చెప్తాండా."

చక్రం ఆగలేదు. "నీ కడుపు, నీ మాట. నేను అడ్డం రాను. వేళ్ళు లేవనేనా?"

"వేళ్ళదేముంది? నువ్వు రొట్టెలు కొట్టలేదా, నీ కొడుకును ఎత్తి పెంచలేదా? అది కాదత్తా. నీ వేళ్ళు మిషన్ తినింది. అందరూ అయ్యో అన్నారు. నా బిడ్డ అట్లనే పుడితే నన్నడుగుతారు, ఏం పాపం చేస్తివని. యాడికి పోయినా అదే మాట. ఇప్పుడే ఇంతగా అలిసిపోయినా. ఎన్నేండ్లని చెప్పుకుంటా తిరిగేది?"

విశ్వాసమ్మ ఇంకో చొప్ప కట్ట అందుకుంది.

దీవెన నీరసంగా నవ్వింది. "పోనీ, పుట్టినాక కొన్నాళ్ళు దుప్పట్లో చుట్టి పెట్టుకుని, ఆ తర్వాత నీ మాదిరే మిషన్‌లో పడిందని చెప్దామా? ఎవరన్నా నమ్ముతారా?"

చక్రం ఆగింది. విశ్వాసమ్మ గోడ అవతలికి తొంగిచూసింది. మహాదేవమ్మ లేదు. వచ్చి కోడలి పక్కన కూర్చుని, ఆ చేతిని దీవెన కడుపు మీద పెట్టింది.

"నమ్ముతారు పాపా," అంది.

ఆ తర్వాత ఆమె అన్నది ఒక్క మాటే. దాన్ని గుర్తుపెట్టుకోండి. ఏ ఆడబిడ్డయినా ఇట్లాంటి కవరు ఒళ్ళో పెట్టుకుని మీ పక్కన కూర్చుంటే ఈ కథ చెప్పండి. పేర్లు మార్చండి, ఊరు మార్చండి, కావాలంటే ఆ కుక్కను కూడా తీసెయ్యండి. ఆ మాట మాత్రం మార్చకండి.

"చొప్ప మిషన్‌ను నేను మొట్టమొదట చూసింది ఈ ఇంటికి కోడలై వచ్చిన దినమే."