రెండు లైన్ల సవరణ

దర్జీ ఆ ఆఫీసుకు రావడం అది నాలుగోసారి.

కింది అంతస్తు ప్రభుత్వానిది. పై అంతస్తు, పోయిన నెలలో ప్రభుత్వ పత్రికను కొనుక్కున్న కంపెనీది. మధ్యలో పద్దెనిమిది మెట్లు. కింద బూజు వాసన, పైన కొత్త రంగు వాసన. అంతకు మించి తేడా ఏమీ లేదని అతనికి రెండోసారి వచ్చినప్పుడే తెలిసిపోయింది.

అతను అడుగుతున్నది రెండు లైన్లు. నెలన్నర క్రితం, ‘పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు ఇతడే’ అంటూ పత్రిక మొదటి పేజీలో ఒక ఫొటో వేసింది. అది దొంగది కాదు. బుడగలు అమ్ముకునేవాడిది. ఒక పాపకి బుడగ అందిస్తుంటే ఎవరో తీసిన ఫొటో. ఆ మధ్యాహ్నమే సంతలో జనం అతన్ని చుట్టుముట్టారు. సాయంత్రానికి ఆస్పత్రిలో ప్రాణం పోయింది. వారం తర్వాత అసలు దొంగ దొరికితే ఆ సంగతి ఏడో పేజీలో వచ్చింది. బుడగలవాడి ఊసు మాత్రం ఎక్కడా లేదు.

బుడగలవాడికి తొమ్మిదేళ్ల కూతురుంది. బళ్లో దాన్ని ‘పిల్లల దొంగ కూతురు’ అంటున్నారు. పేపర్లో వచ్చింది, తప్పని మళ్లీ పేపర్లోనే రానివ్వండి, అప్పుడు చూద్దాం అని హెడ్మాస్టరు దాన్ని ఇంటికి పంపేశాడు.

కింద అధికారి పాత పేపరు పరుచుకుని గోళ్లు తీసుకుంటున్నాడు.

“మళ్లీ వచ్చావా? పత్రిక అమ్మేశామయ్యా. ఇప్పుడు మాది కాదు.”

“ఫొటో వేసిన రోజున మీదే కదండీ.”

“టీవీవాళ్లు ముందురోజు నుంచే అదే చూపిస్తుంటే మేం వేయకుండా కూర్చుంటే? ప్రభుత్వం దాచేసిందనరూ? పైకెళ్లి అడుగు. ఆ టీవీ కూడా వాళ్లదే.”

గోరు ముక్క ఒకటి ఎగిరి దర్జీ చొక్కా మీద పడింది. అధికారి రెండో చెయ్యి మొదలుపెట్టాడు.

పైన ఎడిటరు. పత్రిక కింద ఉన్నప్పుడూ ఇతనే ఎడిటరు. ఇప్పుడు కుర్చీ గుండ్రంగా తిరుగుతోంది, అంతే.

“రావయ్యా, మీ తమ్ముడి విషయమేగా? నేనూ దాని గురించే ఆలోచిస్తున్నా. ‘సర్కారు పత్రిక మింగిన ప్రాణం!’ ఎలా ఉంది? సగం పేజీ ఇస్తా.”

“సగం పేజీ వద్దండీ. ఫొటో తప్పని రెండు లైన్లు చాలు.”

“సవరణలు ఎవడు చదువుతాడు? ఆ పిల్లని తీసుకురా. చేతిలో ఓ బుడగ పెట్టి ఫొటో తీద్దాం. ఏడిస్తే మరీ మంచిది.”

దర్జీ తల అడ్డంగా ఊపాడు.

“మీ టీవీలో కూడా చూపించారు కదండీ. రోజంతా.”

“పత్రికలో చూసే తీసుకున్నాం. ప్రభుత్వమే వేసిందంటే నిజమనుకోమూ?”

“వాళ్లేమో మీ టీవీలో చూసి వేశామంటున్నారు.”

కుర్చీ తిరగడం ఆగింది.

“ఇదిగో, ఒక్క మాట. వాళ్లు వేశారు, మేం చూపించాం. సరే. కొట్టి చంపండని ఎవరమైనా రాశామా? మనిషన్నవాడు ఒక్క నిమిషం ఆగి, ఎవరు బాబూ నువ్వు అని అడగడా? పశువులు! వాళ్లను వదిలేసి మా మీద పడతావేం?”

దర్జీ తల దించుకున్నాడు. తర్వాత కొత్త కార్పెట్ మీద చతికిలబడ్డాడు.

“పిల్లకి బడి లేకుండా పోయిందండీ. మీరు వేస్తాననేదాకా నేను కదల్ను.”

ఎడిటరు గడియారం చూశాడు. ఇంకో పావుగంటలో కంపెనీ యజమానీ, మంత్రిగారూ ఒకే కారులో వస్తున్నారు, కొత్త ఆఫీసు చూడటానికి.

“లేవయ్యా బాబూ, లే! వేయిస్తాను. ఆ టేబుల్ దగ్గర రాయించుకుపో.”

గుమస్తా అమ్మాయి ఫారం తీసింది. నెమ్మదైన మనిషి. తేదీ రాసింది. పేజీ రాసింది. చనిపోయినవాడి పేరు రెండుసార్లు అడిగి మరీ తప్పు లేకుండా రాసింది.

“రేపు వచ్చేస్తుందామ్మా?”

“వచ్చేస్తుంది బాబాయ్. నాలుగో పేజీలో, కింద.”

దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. ఆ ముక్క కత్తిరించి హెడ్మాస్టరు బల్ల మీద పెడితే చాలు.

“ఎవరు కోరితే వేశామో కూడా అచ్చువేయాలి, రూలు. మీ పేరు పక్కన ‘మృతుడి అన్న’ అని రాసేయనా?”

ఊఁ అంటే పని అయిపోయేది. ఎడిటరు అప్పటికే వాళ్లను మర్చిపోయి అద్దంలో తల దువ్వుకుంటున్నాడు.

“అన్నని కాదమ్మా,” అన్నాడు దర్జీ, “ఆ రోజు మీ పేపరు చేత్తో పట్టుకుని, సంతలో అతన్ని అందరికంటే ముందు కొట్టినవాణ్ణి.”