దేవుడికి చేతకానిది

"లే అమ్మా! సర్వశక్తిమంతుడైన దేవుడి పేరట చెబుతున్నాను, లేచి నడువు!"

మైకులో దయాసాగర్ గొంతు ఆత్మకూరు బస్టాండు దాకా వినిపించింది. పందిట్లో జనం ఊపిరి బిగబట్టారు.

వేదిక మీద, చక్రాల కుర్చీలో, కరుణశ్రీ కదల్లేదు.

అది 1996, మే నెల. ఎండ ఇంకా చల్లారలేదు. స్వస్థత కూటాలకు అది మూడో రోజు, ఆఖరి రోజు.

కరుణశ్రీది ఉదయగిరి. ముప్పై రెండేళ్లు. భర్త పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో కూర్చుని చెక్క గరిటెలకు నునుపు పట్టి, పదేళ్ల కూతురు జెస్సికాను సాకుతోంది. దయాసాగర్ ఊరూరా తిరిగి కూటాలు పెట్టే బోధకుడు. జెస్సికాను నెల్లూరులో మంచి బోర్డింగ్ స్కూల్లో చేర్పిస్తానని మాటిచ్చాడు. కరుణశ్రీని జీపులో తీసుకొచ్చి, కుర్చీలో ముందు వరసలో కూర్చోబెట్టిందీ ఆయన మనుషులే. ఆత్మకూరులో ఆమెను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.

ఆ వరసలోనే ఆమె పక్కన ఆదిశేషమ్మ కూర్చుంది. కలువాయి నుంచి వచ్చింది. ఒళ్లో ఎనిమిదేళ్ల చెంచులక్ష్మి. పోలియో వచ్చి ఆ పిల్ల కాళ్లు రెండూ పుల్లల్లా వేలాడుతున్నాయి.

"మేం క్రైస్తవులం కాదక్కా," అంది ఆదిశేషమ్మ. "మీ దేవుడికి చేతగానిది లేదంటే వచ్చినాం. మూడు దినాలుగా ఉపవాసం ఉండాను. నిన్న అయ్యగారు బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టినాడు. లేవలేదు. తల్లికి విశ్వాసం చాల్లేదన్నాడు, అందరి ముందరా. అంటే నా బిడ్డ నా వల్లే ఇట్టా ఉండాదా?"

కరుణశ్రీ పిల్ల కాళ్ల వైపు చూసింది.

"నువ్వు లేస్తే కళ్లారా చూస్తా. అప్పుడన్నా నాకు నమ్మకం కుదురుద్దేమో."

చెంచులక్ష్మి కుర్చీ చక్రాన్ని వేలితో తడుముతూ అడిగింది.

"పెద్దమ్మా, నువ్వు లేచినాక నేనా?"

అప్పుడే నలుగురు మనుషులొచ్చి కరుణశ్రీని కుర్చీతో సహా వేదిక మీదికి ఎత్తారు.

"లే!" అన్నాడు దయాసాగర్ రెండోసారి.

ఆమె లేవలేదు. ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టి కిందికి వంగాడు.

"నిన్న ప్రార్థన దగ్గర ఏమన్నావు? లేస్తానన్నావా, లేదా?"

"అన్నాను."

"మరి ఏంది ఇది? నీ కూతుర్ని గుర్తు తెచ్చుకో. లే."

కరుణశ్రీ ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది.

"నేను లేవను."

ఆ మాట పందిరంతా వినబడింది.

"దేవుడి శక్తిని నమ్మవా?" దయాసాగర్ అరిచాడు.

"నమ్మకపోవడమేంది? మా తాత కాలం నుంచీ బాప్టిస్టులం. మా నాయన చెంచయ్య సండే స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. దేవుడు చేయలేనిది ఏదన్నా ఉండాదా అని అడిగేవాడు. లేదు, లేదు అని పిల్లలంతా అరిచేవాళ్లం. 'ఉండాది, ఆయన అబద్ధమాడలేడు. అది చేతగానితనం కాదు, అదే ఆయన బలం' అనేవాడు మా నాయన."

ఆమె ముందు వరస వైపు చెయ్యి చూపింది.

"ఆ తల్లికి విశ్వాసం చాల్లేదు కాబట్టి బిడ్డ లేవలేదని దేవుడి పేరు పెట్టి చెప్పినారే, అది ఆయన మాట కాదు. సముద్రాన్ని చీల్చినోడు, ఒక ఆడమనిషి నమ్మకం కొంచెం తక్కువైతే చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? ఆయన గొప్పోడని రుజువు చేయడానికి నేను లేచి చూపించాల్నా? లేపేదీ లేపకపోయేదీ ఆయన ఇష్టం. మీరు లెమ్మంటే మాత్రం నేను లేవను."

జనంలో గోల మొదలైంది. ఎవరో ఈల వేశారు. ఎవరో "దింపండి ఆమెను" అని కేక పెట్టారు. ఒక ముసలామె మాత్రం "బాగా అడిగినావు తల్లీ" అంది.

దయాసాగర్ మైకు లాక్కున్నాడు. "అవిశ్వాసపు ఆత్మ పట్టింది ఈమెకు! పాట ఎత్తుకోండి!"

డప్పులు మోగాయి. ఆ నలుగురే కుర్చీని పందిరి వెనక్కి మోసుకొచ్చి, నీళ్ల డ్రమ్ముల దగ్గర దబ్బున దించారు. వాళ్లలో ఎడ్విన్ అనేవాడు పళ్లు కొరికాడు.

"బోర్డింగ్ సీటు సంగతి ఇంక మర్చిపో."

"మైకు పట్టుకున్నప్పుడే మర్చిపోయినా. పో."

వాళ్లు వెళ్లిపోయారు. కరుణశ్రీ జెస్సికాకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండగా, బిడ్డను చంకనేసుకుని ఆదిశేషమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఎందుకు లేవలేదక్కా? నువ్వన్నా లేచుంటే..."

"ఇటు చూడు. నీ తప్పు లేదు, నీ బిడ్డ తప్పూ లేదు. దేవుడికి నీ మీద ఏ కోపమూ లేదు. ముందు నాలుగు మెతుకులు తిను. తర్వాత బిడ్డను నెల్లూరు పెద్దాసుపత్రికి తీసకపో. కాళ్లకు కట్టే ఇనప పట్టీలు ఇస్తారంట."

"అంత దూరం ఎట్టా మోసేది? ఇప్పటికే నడుం విరిగిపోతా ఉండాది."

కరుణశ్రీ కుర్చీలోంచి లేచి నిలబడి, "అరవబాక, ఇది అద్భుతం కాదు, నా కాళ్లకు ఏనాడూ ఏ రోగమూ లేదు" అంటూ చెంచులక్ష్మిని అందుకుని అందులో కూర్చోబెట్టింది.